చంద్రముఖి కాదు, చందా: మౌలాలి కవయిత్రి కలంపేరు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: హైదరాబాదు ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా (1768–1824) సమాధి మౌలాలి గుట్ట దిగువన ఉంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు, దర్బారు ఇచ్చిన బిరుదు, గజళ్ళలో వాడుకున్న కలంపేరు అని ఆమెకు మూడు నామధేయాలు. వీటిలో 'చందా' అనే కలంపేరు ఎంపికలోని భాషావిశేషాన్ని, అలంకారవిశేషాన్ని తెలుగులోని ముద్ర, మకుట సంప్రదాయాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాహిత్యచరిత్ర ఆమెను ఏ పేరుతో పిలవాలన్న ప్రశ్న కూడా ఇందులో చర్చకు వస్తుంది.

కీలక పదాలు: మహలఖా బాయి, చందా, మౌలాలి, తఖల్లుస్, ముద్ర, మకుటం, గజల్, దక్కను ఉర్దూ, స్త్రీల సాహిత్యం.

1. మాట దగ్గరి చిక్కు

'చందా' అనగానే తెలుగు చెవికి ముందుగా తోచేది పత్రిక చందా, వినాయకచవితి చందా. పార్సీలో 'కొంత', 'కొన్ని' అనే అర్థమున్న 'చంద్' నుంచి పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడిన మాట అది. కవయిత్రి పేరులోని చందా వేరు. సంస్కృత 'చంద్ర' శబ్దం ప్రాకృతంలో 'చంద'గా మారి, హిందుస్తానీలో 'చందా'గా నిలిచింది. చిన్నపిల్లలకు చంద్రుణ్ణి చూపించి తల్లులు పలికే మాట అది. ఉర్దూ లిపిలో ఈ రెండు మాటలకూ చివరి అక్షరం వేరు కనుక చదువరికి గందరగోళం ఉండదు. తెలుగు లిపి ఉచ్చారణను మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి రెండూ ఒకటే అయిపోతాయి. ఆ కారణంగా 'మహలఖా బాయి చందా' అన్న పేరును తొలిసారి చూసిన తెలుగు విద్యార్థికి చివరి మాట అతికించినట్లుగా, అర్థం లేనట్లుగా కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో దాన్ని వదిలేసి 'మహలఖా బాయి' అని మాత్రమే రాయడం జరుగుతోంది. వదిలేసిన ఆ ముక్కే ఆమె కవిగా పెట్టుకున్న పేరు.

అహ్మద్‌నగర్ కోటను మొగలు సైన్యాల నుంచి కాపాడిన చాంద్ బీబీ ఈమెకు దాదాపు రెండు శతాబ్దాల పూర్వురాలు. పేర్ల పోలికే తప్ప వారిద్దరికీ సంబంధం లేదు.

2. మూడు పేర్లు, ఒకే చంద్రుడు

1768లో ఔరంగాబాదులో పుట్టిన ఆ బిడ్డకు పెట్టిన పేరు చందా బీబీ. తల్లి రాజ్ కున్వర్ రాజపుతానా నుంచి దక్కనుకు తరలివచ్చిన కుటుంబానికి చెందిన కళావంతురాలు. పెంచిన తల్లి మెహతాబ్ కున్వర్. 'మెహతాబ్' అన్నా వెన్నెలే, చంద్రుడే. అంటే ఆ ఇంట్లో చంద్రుడి పేరు అప్పటికే ఉంది. బిడ్డకు వచ్చింది దాని ఇంటిభాషా రూపం.

రెండవ అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ (పాలన 1762–1803) కొలువులో ఆమె గాయనిగా, నర్తకిగా, కవయిత్రిగా ప్రసిద్ధికెక్కింది. పురుషవేషంలో గుర్రమెక్కి నిజాం వెంట యుద్ధయాత్రలకు వెళ్ళిందనీ, విలువిద్యలో, బల్లెం విసరడంలో నేర్పరి అనీ చరిత్రకారులు రాశారు. జాగీర్లు పొందింది. ఉమ్రాల హోదాతో పాటు దర్బారు ఆమెకు ఇచ్చిన బిరుదు 'మహలఖా బాయి'. 'మహ్' పార్సీలో చంద్రుడు. 'లఖా' అరబ్బీ నుంచి పార్సీ సమాసాల్లోకి వచ్చిన మాట, దర్శనం, వదనం అని అర్థం. తెలుగులో చెప్పాలంటే చంద్రముఖి.

ఇక్కడ మన అలంకారశాస్త్రం ఉపకరిస్తుంది. చంద్రముఖి బహువ్రీహి సమాసం: చంద్రుని వంటి ముఖము గలది. దాని గర్భంలో ఉపమ ఉంది. ఉపమలో ఉపమేయం ఒకచోట, ఉపమానం ఒకచోట ఉంటాయి. రెండింటినీ పోల్చి చూసే కన్ను మూడోచోట ఉంటుంది. బిరుదులో ఆ కన్ను దర్బారుది. 'చందా'లో ఆ దూరం లేదు. ఆమె చంద్రుని వంటిది అని ఆ పేరు చెప్పదు, చంద్రుడనే అంటుంది. అది అభేదం, రూపకం. అర్థం ఒకటే అనిపించే ఈ రెండు పేర్లు నిజానికి రెండు వేర్వేరు చూపులు. ఒకటి ముఖాన్ని చూసి పెట్టింది, మరొకటి ముఖం ఇంకా రూపుదిద్దుకోక ముందే తల్లి పెట్టింది.

భాషాపరంగా ఉన్న తేడా కూడా చిన్నది కాదు. మహలఖా పార్సీ–అరబ్బీ సమాసం, కొలువుభాష. చందా తద్భవం. 'చంద్రముఖి' అన్న తత్సమానికీ 'చందమామ', 'చందురుడు' అన్న మాటలకూ తెలుగులో ఎంత దూరముందో వాటికీ అంతే దూరం. బిరుదులో చేరిన 'బాయి' కొలువులోని గాయకురాళ్ళ పేర్ల చివర వినిపించే మాట, వృత్తిని గుర్తుచేస్తుంది. పుట్టుపేరులోని 'బీబీ' గౌరవవాచకం. కలంపేరులో ఈ రెండూ లేవు. వృత్తినీ హోదానీ రెండింటినీ విడిచిపెట్టి మిగిలిన రెండక్షరాలనే ఆమె కవితకు తెచ్చుకుంది.

3. తఖల్లుస్‌గా ఒక తద్భవం

ఉర్దూ కవుల తఖల్లుసులను వరుసగా చూస్తే అవి దాదాపు అన్నీ అరబ్బీ, పార్సీ పదాలే. మీర్, సౌదా, దర్ద్, గాలిబ్, జౌక్ వంటివి ఉత్తరాదిన. వలీ, సిరాజ్ దక్కనులో. గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా, తెలుగు మాటలను తన దక్కనీ కవితలో నిస్సంకోచంగా వాడినవాడే, 'మఆనీ' అని అరబ్బీ పదంతో సంతకం చేశాడు. స్త్రీలు కూడా ఆ దారినే నడిచారు. ఉర్దూలో తొలిసారి దీవాన్ కూర్చిన స్త్రీ చందాయేనని చాలాకాలం భావించారు. ఆ తరవాత హైదరాబాదుకే చెందిన లుత్ఫున్నిసా దీవాన్ 1797 నాటిదని, అంటే ఒక సంవత్సరం ముందుదని తేలింది. లుత్ఫున్నిసా కలంపేరు 'ఇంతియాజ్'. విశిష్టత, ప్రత్యేకత అని ఆ అరబ్బీ పదానికి అర్థం. పండితలోకంలోకి అడుగుపెట్టే స్త్రీ తనను తాను విశిష్టురాలిగా ప్రకటించుకోవడం సహజమే. అదే ఊళ్ళో, అదే దశాబ్దిలో మరో స్త్రీ పసితనపు పిలుపుతో దీవాన్ కూర్చడమే ఆలోచించవలసిన విషయం.

ఇది కేవలం ఛందస్సు కోసం చేసుకున్న ఏర్పాటు కావచ్చునన్న ఆక్షేపణకు తావుంది. 'చందా' రెండు గురువులు. పైగా దేశీపదాల తుది దీర్ఘాన్ని హ్రస్వంగా లెక్కించే వెసులుబాటు ఉర్దూ ఛందస్సులో ఉంది కనుక ఆ పేరు ఎక్కడైనా ఒదుగుతుంది. అయితే 'మహ్‌లఖా' కూడా గురు లఘు గురువులతో, మన రగణంలా, గజల్ నడకకు ఏమీ అడ్డురాదు. వెసులుబాటు ఒక కారణమైతే కావచ్చు గాని అదొక్కటే కారణమనడానికి వీలులేదు. బిరుదు చేతిలో ఉండగా ఇంటిపేరుకు కట్టుబడి ఉండటంలో ఇష్టం ఉంది.

తెలుగులో దీనికి దగ్గరి ఉదాహరణ మొల్ల. మొల్ల అంటే ఒక జాతి మల్లె, దేశ్యపదం. రామకథను రాసిన కవయిత్రి పేరు సంస్కృతీకరణ చెందకుండా అలాగే నిలవడమే కాక, ఆ కావ్యానికే మొల్ల రామాయణం అన్న పేరు స్థిరపడింది. పువ్వు పేరుతో ఒకరు, చంద్రుడి పేరుతో ఒకరు, ఇద్దరూ ఇంటిభాషలోనే.

4. ముద్ర, మకుటం, మక్తా

గజల్ చివరి షేర్‌ను మక్తా అంటారు. కవి తన తఖల్లుస్‌ను సాధారణంగా అందులో పొదుగుతాడు. తెలుగువారికి ఇది కొత్త కాదు. పదకర్తల ముద్ర, శతకకర్తల మకుటం ఇదే పనిని వేర్వేరు పద్ధతుల్లో చేస్తాయి. సి. నారాయణరెడ్డి తెలుగు గజళ్ళలో 'సినారె' అన్న పొడి అక్షరాలనే తఖల్లుస్‌గా మార్చుకున్నప్పుడు పాఠకులు వింతపడకుండా స్వీకరించడానికి ఈ పూర్వసంస్కారమే కారణం.

కాని ముద్రకూ తఖల్లుస్‌కూ ఒక మౌలికభేదం ఉంది. క్షేత్రయ్య పదాల్లోని 'మువ్వగోపాల' ముద్రలో కవి పేరు లేదు. ఊరు ఉంది, దేవుడు ఉన్నాడు. చందాకు సమకాలికురాలైన తరిగొండ వెంగమాంబ (1730–1817) రచనల్లోనూ తరిగొండ నృసింహుడే ముద్ర. అక్కడ కూడా ఊరూ దేవుడే. త్యాగరాజు తన పేరునే ముద్రగా నిలిపాడు. వేమన మకుటం తనను తానే సంబోధించుకుంటుంది. చందా మక్తాలు ఈ రెండు పద్ధతుల నడుమ నిలుస్తాయి. అందులో ఆమె పేరు ఉంటుంది; తరచుగా అలీ స్మరణ ఉంటుంది. మౌలా అన్న సంబోధన వెంగమాంబకు తరిగొండ నృసింహుడు ఎలాంటివాడో చందాకు అలాంటిది. అయితే వెంగమాంబ తన పేరును దైవం చాటున దాచుకుంటే, చందా తన పేరును దైవం ఎదుట నిలబెడుతుంది. భక్తిలో ఎవరు గొప్ప అన్న తూకం ఇక్కడ అనవసరం. సంతకం చేసే తీరు వేరు, అంతే.

ఈ సంతకం గజల్ సంప్రదాయంలో ఒక విచిత్రస్థితిని కల్పిస్తుంది. గజల్‌లో మాట్లాడేవాడు ప్రేమికుడు, ఆశిఖ్. అతడు ఎవరిని గురించి మాట్లాడతాడో ఆ ప్రియవ్యక్తికి పరిపాటిగా వాడే ఉపమానాల్లో చంద్రుడు మొదటివాడు. ఏ కవి మాషూఖ్ అయినా చంద్రుడే. దూరాన ఉంటాడు, పలకడు. అటువంటిచోట 'చందా' అన్న పేరుగల మనిషి ఆశిఖ్ గొంతుతో విరహాన్ని చెప్పుకొంటుంది. నాలుగు షేర్ల పాటు ప్రేమికుడి మాటలు సాగి, అయిదో షేర్‌లో ఆ మాటలన్నీ చంద్రుడివని తెలుస్తుంది. ఉపమానమే నోరు విప్పినట్లయింది. మన పదసాహిత్యంలో పురుషుడైన క్షేత్రయ్య నాయిక గొంతు దాల్చాడు. ఇక్కడ స్త్రీ సంప్రదాయం ప్రకారం పురుషుడిదైన గొంతును దాల్చి, ప్రేయసికి చెందిన పేరుతో సంతకం చేసింది. 'మహలఖా' అన్న బిరుదుతో ఇది సాధ్యం కాదు. చంద్రముఖి ఎప్పటికీ వర్ణనకు విషయమే, వక్త కాదు.

తంజావూరులో ప్రతాపసింహుని కాలపు (1739–1763) కవయిత్రి ముద్దుపళనిని ఇక్కడ తలచుకోకుండా ఉండటం కష్టం. ఆమె 'రాధికాసాంత్వనము'లో మాట్లాడే హక్కు నాయికది. వేశ్య రాసిన శృంగారమన్న కారణంతో వీరేశలింగం ఆమెను తప్పుపట్టడం, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని తిరిగి అచ్చువేయించడం, దానిపై నిషేధం రావడం తెలుగు పరిశోధకులకు తెలిసిన చరిత్ర. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వెలువడిన భారతీయ స్త్రీల రచనల ఇంగ్లీషు సంకలనం తొలి సంపుటిలో ముద్దుపళనీ చందా ఇద్దరికీ చోటు దొరికింది. తెలుగు విశ్వవిద్యాలయాల్లో మొదటి పేరుపై జరిగిన చర్చలో పదోవంతు కూడా రెండో పేరుపై జరగలేదు. ఉర్దూ వేరే శాఖ పని అన్న విభజన దీనికి కొంత కారణం. హైదరాబాదు నడిబొడ్డున పుట్టిన కవిత్వం విషయంలో ఆ విభజన ఎంతవరకు సమర్థనీయమో ఆలోచించాలి.

5. మౌలా అన్న మాట, మౌలాలి అన్న ఊరు

'మౌలా'కూ 'అలీ'కీ సవర్ణదీర్ఘసంధి జరిగితే మౌలాలీ. చివరి దీర్ఘాన్ని తెలుగు నాలుక కుదించుకొంది. సంస్కృతసూత్రం అరబ్బీ పదాలమీద ఇంత చక్కగా పనిచేసిన ఉదాహరణలు వ్యాకరణ పాఠాల్లో కనబడవు. కుతుబ్ షాహీల కాలంలో ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాఖూత్ అనే ఉద్యోగి జబ్బుపడి ఉండగా కలలో హజ్రత్ అలీ ఈ గుట్టమీద రాతిపై చేయి ఆనించి కనిపించాడనీ, తెల్లవారి వెళ్ళి చూస్తే రాతిమీద అరచేతి గుర్తు ఉందనీ ఐతిహ్యం. ఆ గుర్తు చుట్టూ దర్గా వెలిసింది. ఏటా రజబ్ నెలలో జరిగే ఉత్సవానికి నిజాముల కొలువు కూడా తరలివచ్చేది. చందా ఆ ఉత్సవాలను ఆదరించిన వారిలో ముఖ్యురాలు. 1792లో తల్లి రాజ్ కున్వర్ సమాధిని గుట్ట దిగువన కట్టించింది. 1824లో తానూ అదే ఆవరణలో తల్లి పక్కన ఒరిగింది.

అరబ్బీలో 'మౌలా'కు ప్రభువు, రక్షకుడు అనే అర్థాలతో పాటు ఆశ్రితుడు, విముక్తి పొందిన దాసుడు అనే అర్థాలూ ఉన్నాయి. ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ ఒకే మాటలో ఇమిడారు. అలీ పరంగా వాడినప్పుడు ప్రభువన్న అర్థమే గ్రాహ్యం. ఆ మాట పక్కన చంద్రుణ్ణి నిలిపితే పేరుకు మరో పొర తెరుచుకొంటుంది. చంద్రుడికి సొంత వెలుగు లేదు. ఔరంగాబాదుకే చెందిన పూర్వకవి సిరాజ్ (1715–1763) తఖల్లుస్‌కు దీపమని అర్థం. దీపం తనను తాను కాల్చుకొని వెలుగుతుంది. గజల్‌లో అది ప్రేమికుడి పోలిక. చంద్రుడు వెలుగును అందుకొని వెదజల్లుతాడు. ప్రతిభకు మూలం తనలో లేదని, మౌలాలో ఉందని చెప్పుకోదలచిన కవికి ఇంతకంటే తగిన పేరు లేదు. దర్బారు ఇచ్చిన చంద్రుడు అందానికి గుర్తు. మక్తాలోని చంద్రుడు ఆశ్రయానికి గుర్తు.

ఆమె దీవాన్ నిర్మాణం ఈ ఊహకు బలం చేకూరుస్తుంది. అందులో 125 గజళ్ళు, ఒక్కొక్కదానికి అయిదేసి షేర్లు. 125 అంటే అయిదును అయిదుతో, మళ్ళీ అయిదుతో హెచ్చవేయగా వచ్చే సంఖ్య. ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ అనే అయిదుగురిని కొలిచే షియా సంప్రదాయంలో అయిదు పవిత్రసంఖ్య. పీర్లపండుగనాడు ఊరేగే పంజా అయిదు వేళ్ళదే. గుట్టమీది గుర్తూ అరచేయే. శతకకర్త 108కి కట్టుబడినట్లు చందా అయిదుకు కట్టుబడిందనడం అతిశయోక్తి కాబోదు. షేర్ల సంఖ్యను కవి ఇష్టానికి వదిలే గజల్‌లో ఇంత కచ్చితమైన నియమం యాదృచ్ఛికంగా రాదు.

6. ఏ పేరుతో పిలవాలి

1799 అక్టోబరు 1న మీర్ ఆలం ఇంట జరిగిన నాట్యసభలో చందా తన దీవాన్ ప్రతిని కెప్టెన్ జాన్ మాల్కంకు కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నాట్యం చూడవచ్చిన అతిథి చేతికి పుస్తకం అందించడంలో తనను ఏమని గుర్తించాలో చెప్పిన సూచన ఉంది. ఆమె మరణానంతరం గజళ్ళు 'గుల్జారె మహలఖా' అన్న పేరుతో ప్రచారంలోకి వచ్చాయి. మహలఖా పూలతోట అని అర్థం. లోపల ప్రతి తోటమూలా చందా సంతకం ఉండగా, గుమ్మంమీద మాత్రం దర్బారు బిరుదు చెక్కినట్లయింది. సమాధి ఆవరణ ఇటీవల అమెరికా ప్రభుత్వ సహాయనిధితో బాగుపడింది. దాని గురించి వచ్చిన వార్తల్లోనూ వినిపించిన పేరు మహలఖాయే.

దీనికి ఎదురుగా గాలిబ్‌ను పెట్టి చూడాలి. 1850లో బహదూర్ షా జఫర్ ఆయనకు నజ్ముద్దౌలా, దబీరుల్‌ముల్క్ వంటి బిరుదులిచ్చాడు. నజ్ముద్దౌలా అంటే రాజ్యానికి నక్షత్రం. దాశరథి తెలుగులోకి తెచ్చినవి గాలిబ్ గీతాలే గాని నజ్ముద్దౌలా గీతాలు కావు. ఏ సాహిత్యచరిత్రకారుడూ ఆయనను బిరుదుతో ప్రస్తావించడు. ప్రస్తావిస్తే పరిహాసంగా ఉంటుంది. పురుషకవి విషయంలో నక్షత్రాన్ని విడిచి కలంపేరును పట్టుకున్న సాహిత్యలోకం, స్త్రీ విషయంలో కలంపేరును విడిచి చంద్రముఖాన్ని పట్టుకుంది. ఉద్దేశపూర్వకం కాకపోయినా దీని ఫలితం స్వల్పం కాదు. ఆమెను గురించిన తెలుగు వ్యాసాల్లో రూపం, వైభవం, జాగీర్లు, గుర్రపుస్వారీ ముందుకు వచ్చి, 125 గజళ్ళు ఒక వాక్యంలో ముగియడానికి పేరు తోడ్పడుతోంది. బిరుదుతో మొదలుపెట్టినవారు బిరుదు ఇచ్చిన కొలువు గురించే రాస్తారు.

చారిత్రక ప్రస్తావనల్లో మహలఖా బాయి అనడంలో దోషం లేదు. జాగీర్లు ఆ పేరుమీద ఉన్నాయి, ఫర్మానాలు ఆ పేరుమీద ఉన్నాయి. కవిత్వవిమర్శలో మాత్రం చందా అనడమే న్యాయం. పత్రిక చందాతో కలిగే గందరగోళం నెపం కాకూడదు. మొదటిసారి వాడినచోట ఒక్క మాట వివరణ ఇస్తే అది తీరిపోతుంది. పాఠ్యప్రణాళికల్లో, కవయిత్రుల అకారాదిసూచికల్లో ఆమెను ప్రస్తుతం 'మ' కింద వెతకవలసి వస్తోంది. ఆమె మక్తాలు చదివినవారు ముందుగా తిప్పేది 'చ' పుట.